గీసిన చేయి, నిలిపిన చేయి

ఒక గురువు పేర జరుగుతున్న సభ ఇది. అందుకే గురువు గీతను శిష్యులు ఏం చేస్తారన్నదే ఈ రోజు విషయంగా ఎంచుకున్నాను.

దోహా ఎడ్యుకేషన్ సిటీలో ఉన్న 'సీరూ ఫిల్ అర్ద్' కళాకృతిని మీలో చాలామంది చూసే ఉంటారు. చిత్రకారుడు ఎం.ఎఫ్. హుసేన్ చివరి రోజుల్లో తలపెట్టిన పెద్ద పని. మురానో గాజు గుర్రాలు, పాతకాలపు కార్లు, రెక్కలు కట్టుకుని ఎగరబోయాడని చెప్పుకునే కార్డోబా పండితుడు అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్, లియొనార్డో డావిన్చి ఊహించిన ఎగిరే యంత్రం, అన్నీ అందులో ఉన్నాయి. హుసేన్ 2011 జూన్ 9న కన్నుమూశారు. ఆ పని జనం ముందుకు వచ్చింది 2019లో. మధ్యలో ఆ ఊహను మోసినవాళ్లు వేరే ఉన్నారు. నా మనసు వాళ్ల మీదే ఉంది.

అసలు లియొనార్డో బొమ్మలు మనదాకా వచ్చిందీ అలాగే. ముందు ఆయన గీతను చూద్దాం. ఆయనది ఎడమచేతివాటం. నీడ కోసం వేసే సన్నగీతలు పైన ఎడమ నుంచి కింద కుడికి వాలుతాయి. కుడిచేతివాళ్లు గీస్తే ఆ వాలు సాధారణంగా తిరగబడుతుంది. మిలాన్‌లో ఆయన దగ్గర తయారైన బోల్ట్రాఫియో వంటివాళ్ల బొమ్మలను గురువు బొమ్మల నుంచి వేరుచేసేటప్పుడు నిపుణులు ఈ వాలును తప్పకుండా చూస్తారు. ఒక్కోసారి ఒకే కాగితం మీద రెండు వాలులూ కనిపిస్తాయి. అంటే గురువు గీతను మరో చేయి దిద్దిందన్నమాట. అలాంటి కాగితానికి విలువ తగ్గిందనేవారున్నారు. నేనలా అనుకోను. నేర్చుకోవడం కంటికి కనిపించే చోటు అది.

1519 మే 2న ఫ్రాన్సులోని అంబువాజ్‌లో లియొనార్డో పోయినప్పుడు కాగితాలన్నీ శిష్యుడు ఫ్రాన్చెస్కో మెల్జికి దక్కాయి. అప్పటికి మెల్జికి ముప్ఫై నిండలేదు. వాటిని ఇటలీకి తెచ్చుకుని సుమారు యాభై ఏళ్లు కళ్లలో పెట్టుకుని కాపాడాడు. చిత్రలేఖనం మీద గురువు రాసిన ముక్కలన్నీ ఏరి ఒక గ్రంథంగా కూర్చాడు. అతను పోయాక వారసులకు ఆ శ్రద్ధ లేకపోయింది. కట్టలు చెల్లాచెదురయ్యాయి. శిల్పి పాంపెయో లియోని చేతికొచ్చినవాటిని కత్తిరించి, అతికించి, పెద్ద పుస్తకం చేశాడు. మిలాన్‌లోని కోడెక్స్ అట్లాంటికస్ అదే, ఇప్పుడు 1,119 పత్రాలు. కత్తెర వేసినందుకు బాధే, కానీ ఆ పుస్తకం వల్ల ఎన్నో మిగిలాయి.

మనకూ ఒక మెల్జి ఉన్నాడు. రాజమండ్రిలో చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో మశూచితో పోయినప్పుడు ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు నిండలేదు. చిత్రాలు, స్కెచ్చులు ఇల్లంతా ఉన్నాయి. మిత్రుడు వరదా వెంకటరత్నం, మరికొందరు పూనుకోకపోతే ఆ బొమ్మలు గోదావరి తేమకు పాడైపోయేవి. ఈ రోజు రాజమండ్రిలో దామెర్ల ఆర్ట్ గ్యాలరీ ఉందంటే వారి చలవే. రామారావు పేరు పలికేవాళ్లు వరదా పేరు కూడా పలకాలని నా కోరిక.

మళ్లీ దోహాకు వద్దాం. 2008లో హుసేన్ ఒక భవనాన్ని కాగితం మీద గీశారు. దాని ఆధారంగా ఢిల్లీ ఆర్కిటెక్టు మార్తాండ్ ఖోస్లా రూపకల్పన చేసిన 'లౌహ్ వ కలమ్' మ్యూజియం 2025 నవంబర్‌లో తెరిచారు. స్కెచ్ స్కెచ్‌గా మిగలకుండా నీలి పలకల గోడలై లేచింది. హైదరాబాదులో బదరీ విశాల్ పిత్తీ ప్రోత్సాహంతో రామాయణ చిత్రాలు వేసిన చేయి గీసిన గీత అది.

ఈ సభలో వెల్డింగు చేసేవారు, టైల్సు పనివారు, ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. సెలవు దొరికిన రోజు ఎడ్యుకేషన్ సిటీకి వెళ్లండి. గాజు గుర్రాలను అందరూ చూస్తారు. మీరు రెక్కల బిగింపులు, పలకల అతుకులు దగ్గరగా చూడండి. బాగా కుదిరిందో లేదో మాలాంటి వాళ్లకంటే మీకే తెలుస్తుంది, వచ్చి మాకూ చెప్పండి.