పొట్లములోని గాలి



చిప్సు పొట్లమును విప్పి, “ఇందు సగము గాలియే, ఇది మోసము” అని పెద్దలు పలువురు నిందించుచుందురు. ఆ నింద యెంతవఱకు న్యాయమో విచారింతము.

నూనెలో వేగిన పదార్థమునకు శత్రువులు మూడు: ప్రాణవాయువు, తేమ, వెలుతురు. ప్రాణవాయువు సోకిన నూనె చెడువాసన గొట్టును. తేమ తగిలినచో కరకర పోవును. వెలుతురు నూనె చెడుటను త్వరపఱచును. మన యిండ్లలో జంతికలను మూత బిగువైన డబ్బాలో దాచుటకు కారణమిదియే.

పూర్వము అమెరికాలో చిప్సును పీపాలనుండి తీసి యమ్మెడివారు. అడుగున నున్నవి మెత్తబడి పొడి యగుచుండెడివి. 1926లో కాలిఫోర్నియాయందు లారా స్కడర్ అను వనిత మైనపు కాగితపు సంచులలో మూసి యమ్మించెను. నేటి పొట్లములలో లోపల కనబడు వెండివన్నె పూత సాధారణముగా అల్యూమినియము. అది వెలుతురును, తేమను అడ్డగించును. నింపిన వాయువు నత్రజని. మనము పీల్చు గాలిలో నూటికి 78 పాళ్లు అదియే. అది నూనెను చెఱుపదు. దిండువలె నుండి ముక్కలు విఱుగకుండ కాచును.

కావున గాలి యుండుట దోషము గాదు. పొట్లపు పొంగును చూచి సరకు నంచనా కట్టుటయందే ప్రమాదము గలదు; ధర మాఱకయే తూకము తగ్గుటయు కలదు. నికర తూకమును, గరిష్ఠ ధరను పొట్లముపై ముద్రింపవలెనని మన దేశమున 2011 నాటి నిబంధనలు శాసించుచున్నవి. మనుమలకు కొనిచ్చునపుడు ఆ చిన్న యక్షరములను చదివి, గ్రాముల నెంచి కొనుడు.