శరదృతువులో యోగసాధన

మన పూర్వులు ఆయుష్షును శరత్తులతో లెక్కపెట్టి, నూరు శరత్తులు బతకాలని కోరుకున్నారు. ఆ ఋతువు క్షేమంగా గడవడమే కష్టం కాబట్టి కాబోలు. శరత్తు వైద్యులకు తల్లి వంటిదని ఒక చమత్కారం కూడా ఉంది. అయితే ఘేరండ సంహిత యోగాభ్యాసం ప్రారంభించడానికి వసంతం, శరత్తు మాత్రమే తగినవని చెప్పింది. అంటే రోగాలు ముసిరే కాలమే సాధనకూ అనువైన కాలం.

శరత్తులో ఏ సాధన చేయాలన్న దగ్గర ఒక చిక్కు ఉంది. విదేశీ యోగ పుస్తకాలు చాలావరకు దీన్ని వాతకాలంగా వర్ణించి, ఒంటికి వేడి, నూనె పట్టించమంటాయి. ఆకులు రాలి చలిగాలి వీచే దేశాలకు అది సరే. రాయ్‌పూర్‌లో ఆశ్వయుజం అలా ఉండదు. వానలు వెనుదిరగగానే ఎండ చురుక్కుమంటుంది, నేలలో తేమ మాత్రం ఆరదు. వానాకాలపు చల్లదనానికి అలవాటుపడిన శరీరానికి హఠాత్తుగా ఎండ తగిలితే, అంతవరకు పోగైన పిత్తం ప్రకోపిస్తుందని వాగ్భటుడు అష్టాంగహృదయంలో వివరించాడు. బియ్యం, పెసలు, ఉసిరి, పటోలం మేలన్నాడు. పటోలాన్ని రాయ్‌పూర్ బజారులో పర్వల్ అని అడగాలి. పెరుగు, నూనె, ఎండ, పగటినిద్ర వద్దన్నాడు. పెరుగు మానమంటే తెలుగువారికి కష్టమే!

ఛత్తీస్‌గఢ్ ఆడపడుచులు భాద్రపదంలో తీజా ఉపవాసానికి ముందురోజు కాకరకాయ కూరతో అన్నం తింటారు. దాన్ని కరూ భాత్ అంటారు. మనం కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు చేస్తాం. చేదు, ఉసిరి రెండూ వాగ్భటుడు ఈ ఋతువుకు చెప్పినవే.

కాబట్టి ఇక్కడ కావలసింది వేడి పుట్టించే సాధన కాదు, నిలకడ ఇచ్చేది. తాడాసనంతో మొదలుపెట్టండి. చెప్పులు లేకుండా గచ్చు మీద నిలబడి, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు, మడమ, ఈ మూడు చోట్లా బరువు సమంగా పడుతోందా అని చూసుకోండి. చాలామందికి బరువంతా మడమ మీదే ఉంటుంది. పది శ్వాసలు అలా నిలిచాక వృక్షాసనం వేయండి. వయసు మళ్లినవారు గోడ పట్టుకోవాలి. మోకాళ్ల నొప్పులున్నవారు వజ్రాసనం జోలికి పోకుండా కుర్చీలో కూర్చోవచ్చు. తర్వాత శీతలి. నాలుకను గొట్టంలా చుట్టి నోటితో గాలి పీల్చి, ముక్కుతో వదలాలి. నాలుక చుట్టడం రానివారు పళ్ల సందుల్లోంచి పీల్చే శీత్కారి చేయవచ్చు. అయిదారు సార్లు చాలు. జలుబు, ఉబ్బసం, తక్కువ రక్తపోటు ఉన్నవారికి ఇది తగదు. చివర శవాసనం తప్పనిసరి, అందరూ ఎగ్గొట్టేది కూడా అదే.

ప్రాణాయామం ఆరుబయటే చేయాలని నియమమేమీ లేదు. ఉర్లా, సిల్తరా వైపు స్పాంజ్ ఐరన్ కర్మాగారాలున్నాయి. చలి మొదలయ్యాక తెల్లవారుజామున పొగ నేలకు దగ్గరగా నిలిచిపోతుంది. డాబా మీద వేలితో రాస్తే నల్లటి మసి అంటే చోట దీర్ఘశ్వాసలు తీయకండి. ఇంట్లో, ఎండెక్కాక చేయండి.

జ్వరం వస్తే ఆసనాలు ఆపేయండి. ఇది డెంగీ, మలేరియాల కాలం. పిత్తం పెరిగిందనుకొని ఇంట్లో కషాయాలతో కాలక్షేపం చేయకుండా వెంటనే రక్తపరీక్ష చేయించుకోండి.

దీపావళి నాటికి రాత్రులు చల్లబడి చర్మం పొడిబారుతుంది. నరకచతుర్దశి నాటి తలంటుతో నూనె మళ్లీ ఒంటికి చేరుతుంది. విదేశీ పుస్తకాల సలహా మనకు పనికొచ్చేది అప్పుడే. ఆ మార్పు కూడా ఒక్కరోజులో చేయకండి. ఋతువు చివరి ఏడు రోజులు, కొత్త ఋతువు మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అన్నారు. ఆ పద్నాలుగు రోజుల్లో శీతలిని కొద్దికొద్దిగా తగ్గిస్తూ, సూర్యనమస్కారాలు రోజుకు ఒకటి చొప్పున పెంచుకోండి.