ఓటీపీ ఎవరి ఫోన్‌కి వస్తుందో చూసుకుందాం

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



పొదుపు, అప్పు, రికవరీ లెక్కలు ఇందాకే విన్నారు. నన్ను ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ ఏడాది మా ఊళ్లో జరిగిన రెండు సంగతులు చెప్తాను. ఒకటి మంచి, ఇంకోటి నా వల్ల జరిగిన తప్పు.

ముందు మంచిది. మా గ్రూపులో ఒక చెల్లెలికి నెలసరి ఆగకుండా అయ్యేది. ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. పట్నం వెళ్లి డాక్టరుకి చూపించుకోవాలంటే రెండు బస్సులు మారాలి, ఒక రోజు కూలి పోతుంది. పైగా మగ డాక్టరుంటే ఎలా చెప్పాలని సిగ్గు. ఒక మీటింగులో కళ్లు తిరిగి కూర్చుండిపోయింది. అప్పుడు అడిగితే చెప్పింది.

మర్నాడే ఊళ్లో ఉన్న విలేజ్ క్లినిక్‌కి తీసుకెళ్లాను. అక్కడ ఉండే ఎం.ఎల్.హెచ్.పి. మేడమ్ బీపీ చూసి, రక్తం పరీక్ష చేసి, ఈ-సంజీవనిలో వీడియో కలిపారు. లేడీ డాక్టరు కావాలని అడిగితే కుదిరింది. తలుపు వేసి, మమ్మల్ని బయట కూర్చోమన్నారు. పావుగంట మాట్లాడింది. డాక్టరమ్మ రాసిన చీటీ అక్కడే వచ్చింది, ఐరన్ మాత్రలు అక్కడే ఇచ్చారు, స్కానింగ్‌కి పెద్దాసుపత్రికి వెళ్లమన్నారు. పైసా ఖర్చు లేదు. బయటికొచ్చి ఆ పిల్ల నాతో అన్న మాట ఒక్కటే: "అక్కా, ఆమె నన్ను కసరలేదు."

ఈ-సంజీవని అంటే మన కేంద్ర ప్రభుత్వం 2019లో మొదలుపెట్టిన ఉచిత సేవ. కరోనా టైములో, 2020 ఏప్రిల్ నుంచి, ఇంట్లో ఫోన్ నుంచి కూడా డాక్టరుతో మాట్లాడే వీలు వచ్చింది. ఫోన్‌లో ఐతే మన నంబరు కొడితే ఓటీపీ వస్తుంది, టోకెన్ ఇస్తారు, వంతు వచ్చాక డాక్టరు కనిపిస్తారు. ఫోన్ లేనివాళ్లకి క్లినిక్కే దారి. నన్నడిగితే మనకి క్లినిక్కే మేలు. బీపీ, షుగరు చూసేవాళ్లు పక్కనే ఉంటారు, డాక్టరు చెప్పింది మళ్లీ మన మాటల్లో చెప్తారు.

ఇప్పుడు నా తప్పు. మా సంఘంలో మా అమ్మ వయసున్న ఒక పెద్దమ్మ ఉంది, షుగరు మనిషి. ఆమెకి ఫోన్ లేదు. ఆభా నంబరు చేయించే రోజు, పని తొందరగా అయిపోతుందని నా ఫోన్ నంబరు ఇచ్చేశాను. ఆమెకొక్కదానికే కాదు, ఆరుగురికి అలాగే ఇచ్చాను. మంచి చేశాననే అనుకున్నాను.

రెండు నెలలకి పెద్దమ్మ పట్నం ఆసుపత్రికి వెళ్లింది. ఓపీ దగ్గర ఆభా నంబరు చూసి ఓటీపీ చెప్పమన్నారు. ఆ ఓటీపీ నా ఫోన్‌కి వచ్చింది. నేనేమో ఆ టైముకి బ్యాంకులో లింకేజీ కాగితాల మీద ఉన్నా, ఫోన్ సంచిలో మోగకుండా ఉంది. ఆమె అడగటం తెలియక పక్కకి జరిగి నిలబడింది. ఓపీ మూసేశారు. ఖాళీ చేతులతో, మందుల్లేకుండా తిరిగొచ్చింది. సాయంత్రం నా ఫోన్‌లో ఆ నాలుగు మెసేజీలు చూసుకుంటే నాకు అన్నం దిగలేదు. నన్ను ఒక్క మాటా అనలేదు ఆమె. అంటే బాగుండేది.

అందుకని ఇది గట్టిగా చెప్తున్నా. ఆభా అంటే 14 అంకెల నంబరు. మన పరీక్షలు, చీటీలు ఒకచోట కలిపి చూసుకోవడానికి మాత్రమే. అది ఆరోగ్యశ్రీ కార్డు కాదు, డబ్బు కట్టదు. దాన్ని తీసుకోవడం మన ఇష్టం. అది లేదని, ఓటీపీ రాలేదని వైద్యం ఆగకూడదు. "ఓటీపీ లేదండీ, పేరు రాసి చీటీ ఇవ్వండి" అని అడగండి. ఈ ఒక్క మాట నేను పెద్దమ్మకి ముందే నేర్పి ఉంటే ఆ రోజు అలా అయ్యేది కాదు.

ఫోన్ వచ్చిందని అందరికీ వైద్యం వచ్చినట్టు కాదు అక్కా. ఫోన్ ఎవరి చేతిలో ఉందో చూడాలి. చాలా ఇళ్లలో ఒకటే ఫోన్, అది ఆయన జేబులోనో, హైదరాబాదులో ఉన్న కొడుకు దగ్గరో ఉంటుంది. మన రోగం సంగతి ముందు వాళ్లకి తెలిసి, తర్వాత మనకి తెలుస్తుంది. కొన్ని సంగతులు అలా తెలియకూడదు.

మా గ్రామ సంఘంలో ఈ ఏర్పాటు చేసుకున్నాం, నచ్చితే మీరూ చేయండి. నెల మీటింగులో అప్పు తీర్మానాలకన్నా ముందు ఒక మాట అడుగుతాం: ఈ నెల ఎవరు డాక్టరుకి చూపించుకోవాలి? ఆమెకి తోడు ఎవరు? ఫోన్ వచ్చిన చిన్నపిల్లల్లో ఒకరు వెళ్తారు. ఏ నంబరు ఇవ్వాలో ఆమే చెప్పాలి, లీడరు చెప్పకూడదు. నేను తప్పుగా ఇచ్చిన ఆరుగురి నంబర్లూ ఒక్కొక్కటే మార్పించాను. పాత చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి వెంట తీసుకెళ్లమంటున్నాం. కరెంటు, సిగ్నలు పోయినా ఆ కవరు మాట్లాడుతుంది.

ఇంకో మూడు మాటలు. గుండె నొప్పి, పాము కాటు, కాన్పు నొప్పులు వచ్చినప్పుడు వీడియో కోసం చూడొద్దు, 108కి చేయండి. మనసు బాగోలేక నిద్ర పట్టకపోతే 14416కి చేయండి, అది టెలీ మానస్, 2022 నుంచి ఉంది, రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మూడోది, ఎవరో ఫోన్ చేసి ఆసుపత్రి నుంచి అని ఓటీపీ అడిగితే చెప్పొద్దు. మీరు కౌంటరు ముందు నిలబడి ఉన్నప్పుడే చెప్పాలి.

మన పొదుపు పుస్తకం మన చేతిలో ఉండాలని ఒకప్పుడు కొట్లాడాం. ఆరోగ్యం లెక్క కూడా మన చేతిలోనే ఉండాలి. పెద్దమ్మ ఈ రోజు ఈ సభకి వచ్చింది, వెనక వరసలో కూర్చుంది. పోయిన నెల తన చీటీ తనే రాయించుకుని వచ్చానని నాకు చూపించింది.