సరుకు ఓడకు తోడు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



మా నాన్న అనకాపల్లి మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసిన కలాసీ. నేను ముప్పై ఏళ్లు సరుకు ఓడల్లో ఇంజినీరుగా పనిచేశాను. అక్కడ నేర్చుకున్నది ఒక్కటే: సరుకు ఓడకు ఎక్కడో ఒక యుద్ధనౌక తోడు లేకపోతే వ్యాపారం సాగదు.

కాకతీయ గణపతిదేవుడు 1244-45లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాక్కునేవారు. తాను సుంకం తప్ప మరేమీ తీసుకోనని ఆయన వర్తకులకు మాటిచ్చాడు. ఆ మాట రేవులో చెల్లింది. నడిసముద్రంలో మాత్రం రాతి మీది మాట సరిపోదు, కాపలా ఉండాలి.

కాపలా లేకపోతే ఏమవుతుందో మన పెద్దలు చూశారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి. ఆ రోజుల్లోనే వాళ్ల నౌకలు బంగాళాఖాతంలో ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేశాయి. విశాఖ వదిలి వచ్చినవాళ్లు మా వీధి అరుగుల మీద పడుకున్నారని నాయనమ్మ చెప్పేది.

2009లో మా ఓడ ఏడెన్ సింధుశాఖ దాటుతోంది. సోమాలియా దొంగల భయంతో డెక్కు చుట్టూ ముళ్లకంచె కట్టాం. ఇంజన్ రూములో మన పెందుర్తి కుర్రాడు, "సార్, ఒక్కసారి అమ్మతో మాట్లాడొచ్చా?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. తెల్లారేసరికి మన నౌకాదళం నౌక కనిపించింది. 2008 అక్టోబరు నుంచి మనవాళ్లు అక్కడ గస్తీ కాస్తున్నారు. ఆ కుర్రాడు డెక్కు మీదకొచ్చి ఏడ్చేశాడు. నేనూ ఏడ్చాను.

2024 జనవరిలో క్షిపణి తగిలి మార్లిన్ లువాండా అనే చమురు ఓడ తగలబడుతుంటే ఆర్పడానికి వెళ్లిన మన యుద్ధనౌక పేరు విశాఖపట్నం. ఆ ఓడలో 22 మంది భారతీయులు. అలాంటి దాడులకు భయపడే ఎన్నో ఓడలు సూయజ్ మానేసి ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. ఆ కిరాయి చివరికి మన కిరాణా చీటీలోకే వస్తుంది. పరిమాణంలో మన విదేశీ వ్యాపారం దాదాపు 95 శాతం సముద్రం మీదే.

అయితే కాపలాకీ ఖర్చుంది. మన జిల్లాలోనే రాంబిల్లి దగ్గర నౌకా స్థావరం కడుతున్నారు. అక్కడి మత్స్యకారులు ఉపాధి, పరిహారం అడుగుతున్నారు. దేశం మొత్తానికి దక్కే లాభానికి వాళ్లొక్కరే మూల్యం చెల్లించడం న్యాయం కాదు.

అందుకే ఒక మనవి. స్వర్ణోత్సవ నిధి నుంచి ఏటా ఇద్దరు మత్స్యకారుల పిల్లలకు ఓడ చదువు ఫీజు కడదాం. మొదటి బిడ్డ ఫీజు నాది. రెండోది ఎవరిదో ఈ సభే చెప్పాలి.

సెలవు.