పనుల వరుస



వ్యాపార నిర్వహణ శాస్త్రమున ఉన్నత విద్య నభ్యసించు పట్టభద్రులకు నేను ప్రాజెక్టు నిర్వహణము బోధించుచుందును. మన పల్లెలలో ప్రాజెక్టు అనగా నదికి కట్టిన ఆనకట్ట యని యర్థము. ఆ శాస్త్రమున దాని యర్థ మింకను విశాలము. మొదలును, తుదియు, ఖర్చునకు హద్దును గలిగి, ఒక్కసారి చేసి ముగింపవలసిన పని యెల్ల ప్రాజెక్టే. ఏటేట చేయు సేద్యము ప్రాజెక్టు కాదు. నూయి త్రవ్వించుట ప్రాజెక్టు. కుమార్తె వివాహమును ప్రాజెక్టే.

నా విద్యార్థులు కంప్యూటరుపై లెక్కలు వేయుటలో ఆరితేరినవారు. అయినను మొదటి దినమున వారికి మా యూరి చెరువు కథయే చెప్పుదును.

నా చిన్నతనమున ఆ చెరువు తూము శిథిలమయ్యెను. పెద్దలు చందాలు వేసికొని, ఏప్రిల్ మొదటి దినమున మరమ్మతు నారంభించిరి. ఆ పెద్దలలో మా తండ్రిగా రొకరు. ఊరంతయు మట్టి మోసెను. తూమునకు సందు విడిచి, గట్టును ముప్పది దినములలో లేపిరి. అందరును సంతోషించిరి. కాని తూము రాళ్లకై బండ్లు కదలినది గట్టు లేచిన తరువాతనే! రాళ్లు చేరకమునుపే వానలు వచ్చెను. నీరంతయు ఆ సందున బడి పోయెను. ఆ యేడు మా ఆయకట్టున నాట్లు పడలేదు. మా తండ్రిగారు ఎద్దుల జత నమ్ముకొనిరి. మట్టి మోసినవారిలో సోమరి యొక్కడును లేడు. తప్పు శ్రమలో లేదు, వరుసలో నున్నది.

లెక్క చూడుడు. రాళ్లు తెచ్చుటకు 40 దినములు, తూము కట్టుటకు 15, సందు పూడ్చుటకు 10. ఇవి ఒకదాని వెనుక నొకటి జరుగవలసినవి, మొత్తము 65. మట్టి పని 30 దినములు. అది రాళ్ల పనితోపాటు సాగవచ్చును. 25 దినములు ఆలస్యమైనను చిక్కు లేదు. ఏప్రిల్ 1న బండ్లు కదలియుండినచో జూన్ 4 నాటికి పని ముగిసి, మృగశిర కార్తెకు రెండు మూడు దినములు మిగిలియుండును. మట్టికి మరి నూర్గురిని పెట్టినను ఒక్క దినమును కలిసిరాదు.

ఇట్టి దీర్ఘమైన గొలుసునకే శాస్త్రజ్ఞులు క్రిటికల్ పాత్ అని పేరిడిరి. 1957 ప్రాంతమున అమెరికాలోని డ్యూపాంట్ కంపెనీ తన కర్మాగారముల పనికై ఈ లెక్కను రూపొందింపజేసెను. 1958లో ఆ దేశపు నౌకాదళము పొలారిస్ క్షిపణుల పనికై ఇట్టి పద్ధతినే వేరుగా కల్పించుకొనెను.

పేరు క్రొత్తది, వివేకము ప్రాతది. కాటన్ దొరగారు 1847లో ఆరంభించిన గోదావరి ఆనకట్ట 1852లో ముగిసెను. ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా దానిని కట్టిరి. వరద వచ్చులోపల ఏది ముగియవలయునో ముందుగా తేల్చుకొననిదే అట్టి నదిలో రాయి నిలుచునా?

గొలుసు తెలిసిన పిదప నిర్వాహకుని పని యేమని ఒక విద్యార్థి నన్నడిగెను. "ప్రతిదినమును, రాళ్ల బండి యెంతవరకు వచ్చినదని విచారించుటయే" అంటిని.

మీ గ్రామమున బడియో, చెరువో, బాటయో తలపెట్టినప్పుడు, ఎందరు కూలీలు వత్తురని యడుగుటకు ముందు, ఏ పని దేనికొరకు కాచుకొనియుండునో విచారింపుడు. ఆనాడు మా యూర నెవ్వరును ఆ ప్రశ్న నడుగలేదు.