మొదటి బిడ్డకు బండి: మా సంఘం ఇచ్చిన ఒక చిన్న అప్పు ముచ్చట
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగం)



ఇప్పటిదాక మాట్లాడినవాళ్లు పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత, స్త్రీనిధి ఎంత అని లెక్కలు చెప్పినారు. మా లెక్కలు కూడా ఈ పుస్తకంలో ఉన్నాయి, చూసుకోండి. మమ్మల్ని మాత్రం ఒక్క అప్పు గురించి చెప్పుమన్నారు. పసిపిల్లను పండుకోబెట్టి తోసుకపోయే బండి కోసం ఇచ్చిన ఏడువేల రూపాయల అప్పు. మీరు నవ్వుతున్నారు. మేము కూడా మొదట నవ్వినాం. ఆ నవ్వుడే మా తప్పు, అందుకే నలుగురిలో చెప్పుకుంటున్నాం.

మాది పన్నెండు మంది సంఘం. సిద్దిపేటకు దగ్గరి ఊరే. మాలో ఒక అక్క బీడీలు చుట్టుతుంది. ఆమె బిడ్డ మొదటి కాన్పుకు తల్లిగారింటికి వచ్చింది, ఆపరేషన్ అయి ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసేది ఉండె. మీటింగులో అక్క లేచి, "నాకు అప్పు గావాలె, మనుమరాలికి తోసుకపోయే బండి కొనాలె" అన్నది.

ఒక పెద్దమ్మ అన్నది కదా, "నలుగురిని గన్నం, ఎవలిని బండి మీద తిప్పినం? చంకలేసుకొని నాట్లకు పోలేదా?" ఇంకొకామె "వియ్యపురాలు అడిగినట్టున్నది" అన్నది. అందరం నవ్వినాం. మొదటి కాన్పు అంటే తల్లిగారి మీద ఎంత ఖర్చు పడుతుందో మనకు తెలియనిది కాదు. పాపకు కడియాలు, అల్లునికి బట్టలు, తొట్టెల నాడు భోజనాలు. ఇది కూడా అట్లాంటిదే, నలుగురికి చూపించుకునేదే అనుకున్నాం. ఆ అక్క ఏమనకుండ కూర్చున్నది. మీటింగు అయ్యేదాక ఉండలేదు, సంతకం పెట్టి ఇంటికి పోయింది.

తెల్లారి మేము ఇద్దరం పాపను చూసి వద్దామని పోయినాం. అప్పుడు ఆ పిల్ల, అదే బాలింత, చెప్పింది. "చిన్నమ్మా, ఆరు వారాలకు టీకా ఉన్నది. మళ్లా పది వారాలకు, పద్నాలుగు వారాలకు. మా ఇంటికాడికెంచి బస్టాపు కిలోమీటరు దగ్గర ఉంటది. మొన్న పాపను ఎత్తుకొని సగం దూరం పోయిన, కుట్లకాడ గుంజి మోరీ గోడ మీద కూసున్న. ఆయన హైదరాబాద్ల పనిల ఉండె, అమ్మ బీడీలు ఇడిసిపెట్టి ఎన్నిసార్లు వస్తది?"

ఇద్దరం ఒకల మొఖం ఒకలం చూసుకున్నాం. బండి అడిగింది వియ్యపురాలు కాదు, ఆ పిల్ల కుట్లు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన తెలంగాణలో నూరు కాన్పులకు 60 కంటే ఎక్కువే ఆపరేషన్లని తేలింది. ఆపరేషన్ అయిన తల్లి కొన్ని వారాల దాక బిడ్డ కంటే ఎక్కువ బరువు ఎత్తొద్దని డాక్టర్లు చెప్తారు. మన పెద్దమ్మలు చంకలేసుకొని నాట్లకు పోయిన మాట నిజమే. వాళ్లలో ఎక్కువమందికి కాన్పులు ఇంట్లనే అయినాయి, కడుపు మీద కోత లేదు. 2017లో మొదలైన కేసీఆర్ కిట్‌లో పాపకు పరుపు, దోమతెర, సబ్బులు, నూనె వచ్చేవి. దవాఖాన నుంచి ఇంటికి వచ్చినంక ఆ పాపను ఎట్ల మోసుకుతిరగాలె అన్నది మాత్రం ఇంటివాళ్లే చూసుకోవాలె.

అయినా మాకు ఒక భయం ఉండె. అది కూడా చెప్తాం. మూడేండ్ల కింద మా సంఘంలో ఇంకొకామె మనుమడికి మేమే తలా ఇంత వేసుకొని వాకర్ కొన్నాం. చుట్టూ గుండ్రంగా ఉండి కింద చక్రాలు ఉంటాయి చూడు, అది. తొందరగా నడక వస్తుందని కొన్నాం. ఎనిమిది నెలల పిల్లగాడు దాంట్లో ఉరుక్కుంటూ పోయి అరుగు మీదికెంచి కింద పడ్డాడు. కనుబొమ్మ మీద కుట్లు పడ్డాయి. నానమ్మ రెండు గజాల దూరంలోనే ఉన్నది, అయినా అందుకోలేకపోయింది. వాకర్‌లో ఉన్న పిల్ల ఒక్క సెకనులో మూడడుగులు దాటి పోతుందట. కెనడా దేశంలో 2004లోనే వాటిని అమ్మొద్దని నిషేధం పెట్టినారు. దానితోని నడక ముందుగా వచ్చేది కూడా లేదని పిల్లల డాక్టర్లు అంటారు. మాకు కొనేటప్పుడు ఇవేవీ తెలియవు, రంగులు బాగున్నాయని కొన్నాం. కుట్లు పడ్డనాడే ఆ వాకర్‌ను విరగ్గొట్టినాం, ఇంకో ఇంటికి పోవద్దని.

అందుకే ఈసారి అప్పు తీర్మానం రాసేముందు ముగ్గురం కలిసి సిద్దిపేట పోయి చూసి రావాలె అనుకున్నాం. పోయేముందు ఆ అక్క దర్వాజకు దారం పెట్టి వెడల్పు కొలిచి ముడి వేసుకున్నాం. పాత ఇల్లు, దర్వాజ ఇరుకు, కడప ఎత్తు. షాపులో పెద్దగా కనబడే బండి ఇంట్లకే రాకపోతే బయట ఎండకు ఎండుడే.

మొదటి షాపులో పెద్ద బండి చూపించినారు. మెత్తటి పరుపు, పైన గొడుగు, ముందట బొమ్మలు. దారం పెడితే ముడి దాటింది. ఎత్తి చూస్తే గోలెం లేపినట్టే ఉన్నది. కడప మీదికెంచి దాన్ని లేపేది ఎవరు? కుట్లు ఉన్న తల్లే. పాపను ఎత్తుడు తప్పించుకునేందుకు బండి కొని, పాపకు మూడింతల బరువు ఎత్తితే ఏం లాభం?

రెండో షాపులో గొడుగు లెక్క ముడుచుకునే సన్న బండి చూపించినారు. చేతితో ఎత్తితే తేలిక, ధర కూడా తక్కువ. మాకు మనసయింది. మా సంఘం లెక్కలు రాసే చెల్లె ఫోన్లో చదివి దీని కథ చెప్పింది. ఇంగ్లండులో 1733లో ఒక జమీందారు పిల్లల కోసం చేసిన బండిని మేకనో, చిన్న గుర్రమో గుంజేదట. అట్లాంటి పెద్ద బండ్లే చాలా కాలం నడిచినాయి. 1965లో ఓవెన్ మెక్లారెన్ అనే ఇంజనీరు అల్యూమినియం గొట్టాలతో ఈ గొడుగు బండి చేసినాడు. ఆయన అంతకుముందు యుద్ధ విమానాల చక్రాల పని చేసినవాడు. విమానం చక్రాలు ముడిచిన చేతులే పిల్లల బండిని ముడిచినాయన్నమాట. మా పెద్దమ్మ అయితే "మేక గుంజేదే నయముండె, మనం తోసేది లేకుండె" అన్నది.

కానీ ఆ గొడుగు బండిలో పాప కూర్చోవాలె, పండుకోరాదు. నెల పిల్లకు మెడ నిలువదు. కూర్చోబెడితే తల ముందుకు వాలి గదువ ఎదకు ఆనుతుంది, ఊపిరికి ఇబ్బంది. ఆరు నెలల దాక వెల్లకిల సాపుగా పండుకునేటట్టు ఉండాలె. షాపతను "దిండు పెడితే సరిపోతది అక్కా" అన్నాడు. దిండు పెడితే ఇంకా ప్రమాదం. అక్కడికెంచి లేచినాం.

మూడో షాపులో దొరికింది. వీపు పూర్తిగా కిందికి వాలుతుంది, తరువాత కూర్చునేటట్టు లేపుకోవచ్చు. దారం ముడి లోపలనే ఉన్నది. పక్క కిరాణా షాపులో కాంటా మీద పెడితే ఏడున్నర కిలోలు తూగింది. కాంటా మీద బండి పెట్టినందుకు ఆ షాపతను మమ్మల్ని చూసిన చూపు మీరు చూడాలె. అదే షాపులో నాలుగు కిలోల బియ్యం కొని, ఆ సంచి బండిలో పెట్టి బెల్టు పెట్టినాం. బెల్టు రెండు భుజాల మీద, రెండు నడుముకు, ఒకటి కాళ్ల నడుమ, మొత్తం ఐదు దిక్కుల ఉండాలె. నడుముకు ఒక్కటే ఉంటే పాప కిందికి జారుతుంది. షాపు ముందట ఏటవాలు మీద బ్రేకు వేసి చెయ్యి వదిలిపెట్టినాం. ఒక చక్రం ఆగి ఒక చక్రం తిరిగితే ఆ బండి వద్దు. ఇది రెండు వెనుక చక్రాలు ఆపింది. ముడిచేటప్పుడు, తెరిచేటప్పుడు లాకు "టక్" మని పడుతున్నదా, వేలు నలిగే సందులు ఎక్కడ ఉన్నాయి, పిడి ఆ పిల్ల నడుముకు సరిపోతుందా చూసినాం. పిడి కిందికి ఉంటే వంగి తోయాలె, వంగితే మళ్లా కుట్లే గుంజుతాయి.

ధర ఎనిమిదిన్నర వేలు చెప్పి ఏడువేలకు ఇచ్చినాడు. వాడిన బండి రెండువేలకు ఒక చుట్టాల ఇంట్లో ఉండె, కానీ దాని బెల్టు బుడిపె విరిగింది. తాడుతో కట్టుకుంటాం అన్నారు. వద్దన్నాం. బెల్టు, బ్రేకు మంచిగ ఉంటే మాత్రం వాడిన బండికి పేరు పెట్టేది లేదు.

అప్పు లెక్క ఇట్ల. ఏడువేలు, నూటికి రూపాయి వడ్డీ, పది కిస్తీలు. నెలకు 700 అసలు. మొదటి నెల వడ్డీ 70, తరువాత నెలనెలా ఏడు రూపాయలు తగ్గుకుంట వస్తుంది. మొత్తం వడ్డీ 385. తీర్మానంలో "బాలింత ఆరోగ్య అవసరం" అని రాసినాం. ఒకామె "బండి అప్పు అని రాయుండ్రి, సిగ్గెందుకు" అన్నది. సరే అని అదే రాసినాం. సంతకాలు పెట్టేముందు ఆ అక్కకు, మొన్న నవ్వినందుకు తప్పయింది అని అందరం చెప్పినాం. ఆమె "మీరు నవ్వినందుకు కాదు, నేను చెప్పుకోలేకపోయినందుకు ఏడ్సిన" అన్నది. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది.

తొట్టెల నాడు వియ్యాలవారు వచ్చినారు, ఎంతకు కొన్నారని అడిగినారు, అయిపోయింది. పాప ఇంట్లో పండుకునేది చీర తొట్టెలలోనే. బండి బయటికి పోయేందుకు, ఇంట్లో మనిషి చూపు లేకుండ దాంట్లో పండుకోబెట్టేందుకు కాదు.

అన్నీ చూసి కొన్నాం కదా, అయినా అంతా సక్కగా నడవలేదు. మా ఊరి సీసీ రోడ్డు మీద మంచిగ పోయింది. బస్టాపుకు పోయే అడ్డదారి కంకర. చిన్న చక్రాలు, కంకరలో ఇరికినాయి. చక్రాల సైజు గురించి ఆ నాడు మాకు సోయి లేదు. మన రోడ్లకు పెద్ద చక్రాలే మంచివి. ఆ పిల్ల బడి ముందటి దారి పట్టుకొని చుట్టూ తిరిగి పోయేది. బస్సు ఎక్కేటప్పుడు పాపను ఒకరికి ఇచ్చి బండి ముడవాలె. టికెట్టు లేదు గానీ, 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితమాయె, నిలబడేందుకే జాగ ఉండదు. ముడిచిన బండిని డ్రైవర్ వెనుక పెట్టనిచ్చేవాళ్లు కొందరు, కసిరేవాళ్లు కొందరు.

ఒకనాడు అమ్మమ్మ అంగడి నుంచి వచ్చుకుంట కూరగాయల సంచి పిడికి తగిలించింది. ఇంటికాడ పాపను ఎత్తుకున్నది, బండి వెనుకకు తిరగబడ్డది. ముందట పాప బరువు పోయింది, వెనుక సంచి బరువు మిగిలింది, ఇంకేమవుతుంది? పాప చేతిలో ఉన్నది కాబట్టి సరిపోయింది. సంచి కింద ఉన్న బుట్టలోనే పెట్టాలె. ఇంకొకటి, ఎండాకాలం ఎండ తగులుతుందని బండి మీద తువాల పూర్తిగా కప్పుతారు. కప్పితే లోపల గాలి ఆడక ఇంకా ఉడుకుతుంది. మన సిద్దిపేట ఎండలకు పదకొండు దాటినంక పాపను బయటికి తీయకపోవుడే మంచిది.

మూడు టీకాలకూ ఆ పిల్ల పాపను తీసుకొని తనే పోయి వచ్చింది. మొదటిసారి మాత్రం కడప దాటించేందుకు మాలో ఒకరం పోయి బండి లేపినాం.

పాప ఇప్పుడు నడుస్తున్నది. పది కిస్తీలు ఆలస్యం లేకుండ కట్టినారు. బండి మా సంఘంలోనే ఇంకొకామె కోడలు దగ్గర ఉన్నది, దాని తరువాత ఎవరికో ఇప్పటికే మాట అయింది. ఎడమ దిక్కు బ్రేకు కొంచెం వదులైంది. సైకిల్ షాపులో చూపించినంకనే ఇవ్వాలె అని పోయిన మీటింగులో రాసుకున్నాం.