అమెరికాలో పాదవైద్య విద్య: మొదటి మెట్టు



అమెరికాలో స్థిరపడిన మనవాళ్ళ అమ్మాయి ఒకతె కామర్సు డిగ్రీ అయ్యాక పాదవైద్యం చదువుతానంది. అక్కడ దాన్ని పొడియాట్రీ అంటారు. "సైన్సే చదవలేదు, ఇదెలా కుదురుతుంది మాస్టారూ?" అని తండ్రి మమ్మల్ని అడిగారు. దారి ఉందని చెప్పాము.

ఆ కళాశాలలు సాధారణంగా కోరేవి జీవశాస్త్రం, సాధారణ రసాయనం, కర్బన రసాయనం, భౌతికశాస్త్రం. ప్రయోగశాలతో సహా ఒక్కొక్కటి 8 క్రెడిట్లు. ఇంగ్లీషు 6. వీటిని తక్కువ ఫీజుతో దగ్గరలోని కమ్యూనిటీ కాలేజీలో, ఉద్యోగం చేసుకుంటూ చదవవచ్చు. చిన్న కాలేజీ అని నామోషీ పడనక్కరలేదు.

అయితే రెండు జాగ్రత్తలు. ఆ క్రెడిట్లు చెల్లుతాయో లేదో, చేరబోయే పాదవైద్య కళాశాలను ముందే రాతపూర్వకంగా అడగాలి. తప్పి మళ్ళీ చదివినా పాత గ్రేడు దరఖాస్తులో కనబడుతుంది; కనుక మోయగలిగినన్ని సబ్జెక్టులే తీసుకోవాలి. ఆపైన ఎంక్యాట్ పరీక్ష, 4 ఏళ్ళ చదువు, 3 ఏళ్ళ రెసిడెన్సీ.

షుగరు వ్యాధితో కాలు పోగొట్టుకున్నవారు మన ఇళ్ళలోనూ ఉన్నారు. పాదాన్ని నిలబెట్టే డాక్టరు విలువ మనకు వేరే చెప్పాలా? ఆ అమ్మాయి ఇప్పుడు కర్బన రసాయనంతో కుస్తీ పడుతోంది. రెండేళ్ళు ఆలస్యమవుతుందని పిల్లల ఆశను తుంచవద్దని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.